హైడ్రోస్‌తో కడిగిన చేతులు

కోపాన్ని పొద్దు కుంకేలోగా దించుకోవాలని మా సంఘంలో పెద్దలు చెబుతారు. నేను పుట్టినప్పటి నుంచి ఆ బోధ విన్నవాణ్ణి, పదేళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు చెబుతున్నవాణ్ణి. అయినా ఒక కోపాన్ని మూడేళ్లుగా దించుకోలేదు. దించమని ప్రార్థన కూడా చేయలేదు. కొన్ని కోపాలు మనలోంచి పోతే ఎవరికో అన్యాయం జరిగిపోతుందని నా నమ్మకం. ప్రయోగశాలల్లో కొత్తగా పనిలో చేరిన పిల్లలకు ఈ కోపం కథ చెప్పాలని కూర్చున్నాను.

ఆదోనిలో ఒక కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా సహాయకుడిగా పనిచేశాను. గాజు సామాను కడగడం, ద్రావణాలు కలపడం, పిల్లలు చేతులు కాల్చుకుంటే మందు రాయడం, ఇవే నా పనులు. నా పేరు ఏ పరిశోధన పత్రంలోనూ రాలేదు. రావాలని కోరుకోలేదు కూడా. సర్వీసు చివరి భాగంలో మాత్రం నాలుగేళ్లు ఒక పరిశోధక విద్యార్థిని దగ్గర పనిచేసే భాగ్యం కలిగింది. ఎమ్మిగనూరు చేనేత కుటుంబం పిల్ల. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. నన్ను 'అన్నా' అని పిలిచేది, నేను 'పాపా' అనేవాణ్ణి. వయసులో నా కూతురంత ఉంటుంది. మా ఊళ్లలో వరసలు వయసును అడగవు.

ఆమె చేసే పని రక్తంలో చక్కెర కొలిచే పలక. వేలెడు గాజు ముక్క మీద గోడల రంగుల్లో కలిపే తెల్ల పొడిని పల్చగా పూస్తారు. దాని మీద కంటికి కనపడనంత చిన్న బంగారు కణాలు. ఆ పైన చక్కెరను విడగొట్టే ఎంజైము. రక్తపు చుక్క వేసి దీపం వెలుగు పడనిస్తే పలకలో కరెంటు పుడుతుంది. చక్కెర ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. బంగారం లేకపోయినా పలక పనిచేస్తుంది, కానీ గొణిగినట్టుగా ఉంటుంది దాని మాట. బంగారం పడిన తరువాత గట్టిగా, స్పష్టంగా చెబుతుంది. ఊళ్లలో చవగ్గా వాడుకునే పరికరం అవుతుందని ఆ పిల్ల ఆశ.

బంగారు కణాలంటే పచ్చగా మెరుస్తాయనుకునేవాణ్ణి. బంగారు ఉప్పు కలిపిన నీళ్లను మరిగించి సిట్రేటు వేస్తే పసుపు పోతుంది, నల్లబడుతుంది, చివరకు ద్రాక్షారసం రంగుకు వస్తుంది. మొదటిసారి ఆ ఎరుపు చూసినప్పుడు మా సంఘంలో ప్రభువు బల్ల మీద పెట్టే గిన్నె గుర్తొచ్చి చేతులు జోడించాను. ఆ పిల్ల నవ్వలేదు. 'నాకూ మొదటిసారి అట్లే అనిపించిందన్నా, మా నూలుకేసే ఎరుపు మాదిరి ఉండాదని' అంది.

వారం తిరక్కుండా ఆ ఎరుపును నేనే నాశనం చేశాను. శుద్ధి చేసిన నీళ్లు అయిపోతే, ఒక్క ఫ్లాస్కే కదా అని బోరు నీళ్లతో కడిగాను. మా బోరు నీళ్లలో ఉప్పెంతో ఆదోనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బంగారు ద్రావణం అందులో పోయగానే కణాలన్నీ గుంపు కట్టి, ఎరుపు కాస్తా సిరా రంగుకు తిరిగింది. పది రోజుల పని. తప్పు నాదని ఒప్పుకున్నాను.

'పోనీలేన్నా' అంది. 'ఈ నీళ్లు తాగి మనం బతుకుతాండాం గానీ, బంగారం తట్టుకోలేకపోయింది.'

ఇక మా ప్రొఫెసరుగారి సంగతి. ఆయన ఆ పిల్లకు గైడు. వేరే ఊళ్లో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ శనివారాలు కారులో వచ్చేవారు. చదువుకున్నవాడు, తెలివైనవాడు. పలక మీద పూత మందం చూసి చెప్పగలిగేవారు. తెలివి తక్కువవాడై ఉంటే నాకింత కోపం ఉండేది కాదు. తెలియక చేసినవాణ్ణి క్షమించడం నేర్చుకున్నాను. తెలిసి చేసినవాణ్ణి ఎట్లా క్షమించాలో ఇంకా నేర్చుకుంటున్నాను.

పలక బాగా పనిచేస్తున్నదని తేలాక నిజమైన మనుషుల మీద చూడాలన్నారు. కావలసిన అనుమతులన్నీ వచ్చాయి. ఎమ్మిగనూరులో చేనేతవాళ్లు కూడుకునే ఒక హాలులో శిబిరం పెట్టాం. నలభై మంది వచ్చారు. ప్రతి మనిషికీ నర్సు చేతి నరం నుంచి రక్తం తీసి ఆసుపత్రి ల్యాబుకు పంపేది. నేను వేలు పొడిచి ఒక చుక్క మా పలక మీద వేసేవాణ్ణి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే మా పలక గెలిచినట్టు.

దానికి ముందు రోజు నోటీసు రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని అన్నీ నాతోనే రాయించేవారు. రెండే ముక్కలు రాశాను. పరగడుపున రావలెను. చేతులు శుభ్రముగా కడుగుకొని రావలెను.

ఆ రోజు ఆ పిల్ల పెద్దమ్మ వచ్చింది. వాళ్లమ్మకు అక్క. యాభై దాటిన మనిషి, నూలుకు రంగు వేసే పని. అంతకు ముందు ఒకసారి ఆమెను చూశాను, మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి చేతులు. ఆ రోజు నా ముందు చాపిన చేతులు తెల్లగా, నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

'ఏమక్కా, రంగు పని మానుకున్నావా?' అన్నాను.

'మానుకుంటే కూడు మీరు పెడ్తారా?' అంది. 'మీరే గదన్నా కడుక్కోని రమ్మనింది. పెద్ద సారొస్తాండాడని పాప సెప్పింది. ఎర్ర సేతులు ఆయప్ప ముందర సాపితే ఏం బాగుంటాది?'

వేలు పొడవడానికి ఆమె చెయ్యి దగ్గరకు తీసుకున్నప్పుడు, అప్పుడే గీసిన అగ్గిపుల్ల లాంటి వాసన వచ్చింది. ముప్పై ఏళ్లు రసాయనాల మధ్య బతికినవాణ్ణి. ఆ వాసన నాకు తెలుసు. అయినా ఆ రోజు నా బుర్రకు ఎక్కలేదు. వెనక ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

పలక మూడు వందల నలభై చూపింది. ప్రొఫెసరుగారు నా భుజం మీంచి తొంగి చూసి, అందరూ వింటుండగా, 'అమ్మా, నీకు షుగర్ బాగా ముదిరిపోయింది. ఇన్నాళ్లూ చూపించుకోలేదా?' అన్నారు. ప్రయోగంలో ఉన్న పలక మాట నమ్మి ఒక మనిషికి రోగం అంటగట్టకూడదు. అది మొదటి పాఠం. ఆయన విద్యార్థులకు ఆ పాఠం చెప్పేవారు కూడా.

అట్లా ఎక్కువ వచ్చినవాళ్లు తొమ్మిది మంది తేలారు. నాలుగు రోజులకు ఆసుపత్రి అంకెలు వచ్చాయి. మిగిలిన ముప్పై ఒక్క మందిలో రెండు అంకెలూ అక్కచెల్లెళ్లలా కలిశాయి. ఈ తొమ్మిది మందికి మాత్రం ఆసుపత్రి వాళ్లు ఏమీ లేదన్నారు. పెద్దమ్మకు తొంభై దగ్గర వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి పాప ఆమె ఇంటికి వెళితే, ఆ మనిషి నాలుగు రోజులుగా అన్నం మానేసి కొర్ర గంజి తాగుతున్నదట.

'సక్కెర లేని టీ తాగినానే నాలుగు దినాలు' అందట. 'ఆ పాపం ఎవురి ఖాతాలో ఏస్తారో అడుగు మీ సారును.'

శనివారం ప్రొఫెసరుగారు వచ్చారు. కాగితాలు చూసి ముందు పాప మీద పడ్డారు. పూత సమంగా లేదన్నారు, బంగారం ఎక్కువైందన్నారు. అవే పలకలతో మిగతావాళ్లకు సరిగా వచ్చింది కదా సార్ అని ఆమె చూపించింది. అప్పుడు ఆయన కాగితం మీద ఆ తొమ్మిది పేర్ల ఎదురుగా ఉన్న వృత్తి చూశారు. అందరూ రంగు పనివాళ్లే.

'ఇదీ సంగతి' అన్నారు. 'చేతుల నిండా మురికి పెట్టుకుని వచ్చారు. చేతుల శుభ్రత పాటించనందువల్ల తొమ్మిది మందిని తొలగించాం అని మన పత్రంలో ఒక వాక్యం రాసి తీసెయ్యి.'

నేను ఆ పక్కనే గాజు గొట్టాలు తుడుస్తున్నాను. మా తాతను ఊరి బావి దగ్గర దూరంగా నిలబెట్టి దోసిట్లోకి నీళ్లు వంచేవాళ్లు. ఆయన చేతులు కూడా ఎవరో చూడకుండానే మురికివని తీర్పు చెప్పారు. మా సంఘంలో చేతులు కడగడం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. భోజనానికి ముందు కడుక్కోలేదని శిష్యుల మీద నేరం మోపిన మతపెద్దలకు మనిషిని అపవిత్రం చేసేవి కడగని చేతులు కాదని ప్రభువు చెప్పిన జవాబు నాకు కంఠతా వచ్చు. ఇవన్నీ నా గొంతు దాకా వచ్చాయి. 'సార్, వాళ్లు కడుక్కునే వచ్చారు. నేను చూశాను' అని మాత్రం అన్నాను.

'నువ్వు ల్యాబ్ అసిస్టెంటువి' అన్నారు. జవాబు పూర్తయినట్టు కాగితాలు మడిచారు.

మరుసటి రోజు ఆరాధన ముగిసిన వెంటనే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లాను. పాప కూడా వచ్చింది. పెద్దమ్మ పెరట్లో తొట్టి ముందు ఉంది. చేతులు మళ్లీ ఎర్రగా ఉన్నాయి.

'అక్కా, ఆ రోజు చేతులు ఎట్లా కడిగినావో ఒకసారి చూపించు' అన్నాను.

'సేతులు కడగడం సూడ్డానికి ఆదోని నుంచి వచ్చినావా? మీ ఇంట్లో ఎవురూ కడుక్కోరా?'

పాప నవ్వింది. పెద్దమ్మ లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చింది. అందులోంచి గుప్పెడు తెల్ల పొడి బక్కెట్టు నీళ్లలో వేసి చేతులు ముంచింది. అదే అగ్గిపుల్ల వాసన. కళ్ల ముందే ఎరుపు కరిగిపోయి చేతులు తెల్లబడ్డాయి.

'హైడ్రోస్' అంది. 'రంగు తప్పు పడిన నూలు మళ్లీ తెల్లగ చేసేకి వాడతాం. పెండ్లికో పేరంటానికో పోవాలంటే మా రంగు పనోళ్లందరం సేతులకూ ఇదే ఏస్తాం. సబ్బుతో యాడ పోతాది ఈ రంగు? మంట పుడ్తాది, తోలు లేస్తాది. ఏం జేసేది, నలుగురిలోకి పోవాల గదా.'

పాప ఒక్కమాటు నా ముఖంలోకి చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. హైడ్రోస్‌కు ఎలక్ట్రాన్లను వదిలేసే గుణం ఎక్కువ, అందుకే అది రంగును పోగొడుతుంది. మా పలక కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చేదేదైనా పట్టుకుని కరెంటుగా చూపిస్తుంది. చక్కెర నుంచి వచ్చిందా, వేలి ముడతల్లో మిగిలిన హైడ్రోస్ నుంచి వచ్చిందా దానికి తెలియదు. బంగారం వేసి మేము దానికి చెవులు పెంచాం, వినకూడనిది కూడా వినడం మొదలుపెట్టింది.

అంటే మిగిలిన ముప్పై ఒక్క మంది మామూలుగా కడుక్కుని వచ్చారు. ఈ తొమ్మిది మంది, పెద్ద సారు వస్తున్నాడని, తోలు లేచిపోయేదాకా కడుక్కుని వచ్చారు. అందరికంటే శుభ్రంగా వచ్చినవాళ్లనే మేము మురికివాళ్లని రాయబోతున్నాం. శుభ్రంగా కడుక్కోమని రాసినవాణ్ణి నేను. సబ్బుతో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడుక్కోండి అని ఇంకొక్క ముక్క రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. రంగు పనివాళ్లకు 'శుభ్రం' అంటే రంగు పోవడమని, ఎమ్మిగనూరుకు ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి కూడా నాకు తోచలేదు.

తరువాతి శనివారం నేను ఎడమ చేతిని హైడ్రోస్ నీళ్లలో ముంచి ఆరబెట్టుకున్నాను. కుడి చేతిని సబ్బుతో రుద్ది, శుద్ధి చేసిన నీళ్లతో కడుక్కున్నాను. ప్రొఫెసరుగారు వచ్చి కూర్చున్నాక, ఆయన ముందే పాప నా రెండు చేతుల వేళ్లూ పొడిచింది. కుడి చేతి చుక్క నూట పది చూపింది. ఎడమ చేతి చుక్కకు ముల్లు మూడు వందలు దాటింది. ఒకే మనిషి, ఒకే నిమిషం. బంగారం వేయని పలక మీద కూడా వేసి చూపింది. దాని మీద తేడా కొంచెమే.

ఆయన ఆ అంకెల్ని ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. ఆ ముఖంలో సంతోషం కూడా చూశాను. ఎంతైనా శాస్త్రం చదివిన మనిషి.

'నువ్వు చెప్పింది నిజమే' అన్నారు నాతో.

'అయితే సార్, ఆ తొమ్మిది అంకెలూ ఉంచి, కారణం రాద్దాం' అంది పాప.

'కారణం రాస్తే మన పలకకు జబ్బుందని మనమే చాటుకున్నట్టు. పత్రిక వాళ్లు తిప్పి పంపుతారు. ఇది తరువాత వేరే పత్రంగా రాసుకోవచ్చు. ఇప్పటికి తీసేద్దాం.'

'ఏమని రాసి తీసేద్దాం సార్?'

'మొన్న చెప్పిందే. అందరూ రాసేదే కదా. ఎవరు పట్టించుకుంటారు? ఎమ్మిగనూరులో మగ్గాల మీద కూర్చుని ఇంగ్లీషు పత్రికలు చదువుతారా?'

'నేను చదువుతాను సార్' అంది.

ప్రొఫెసరుగారు తలెత్తారు.

'మా పెద్దమ్మ చేతులు మురికివని నా పేరు కింద నేను రాయలేను సార్. ఆ వాక్యం ఉంచుతారంటే నా పేరు తీసేయండి.'

'పేరు తీసేస్తే నీ డిగ్రీ ఏమవుతుందో తెలుసా? ఈ నాలుగేళ్ల పని?'

'తెలుసు సార్.'

ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన లేచి వెళ్లిపోయారు.

నేను ఏం చేశానని అడగండి. రెండు వేళ్లకు దూది అదుముకుని నిలబడ్డాను. రిటైరవడానికి అప్పటికి ఏడాదిన్నర ఉంది. ఆయన ఒక్క మాట చెబితే నన్ను ఏ మూలకో బదిలీ చేస్తారనే భయం. ఆదివారం బడిలో రాజుకు లొంగక సింహాల గుహలోకి వెళ్లిన భక్తుడి కథ ఎంత ధైర్యంగా చెబుతానో మా సంఘం పిల్లల్ని అడగండి. ఆ రోజు నా నోరు పెగల్లేదు. నా కోపంలో సగం ఆయన మీద, సగం ఆ దూది పట్టుకుని నిలబడినవాడి మీద.

పత్రం అచ్చయింది. అందులో పాప పేరు లేదు. ముప్పై ఒక్క చుక్కలు చక్కగా ఒకే గీత మీద ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో ఆ వాక్యం ఉంది. బంగారు కణాల వల్ల పలక ఎంత బాగా మెరుగుపడిందో పేజీల కొద్దీ రాశారు. అది అబద్ధం కాదు. కానీ ఆ పత్రం చదివి రేపు ఎవరో అట్లాంటి పలకే తయారుచేస్తారు. దేవనకొండలోనో ఇంకెక్కడో శిబిరం పెడతారు. రంగు పనిచేసే మనిషి మర్యాద కోసం చేతులు తెల్లగా కడుక్కుని వస్తుంది. మూడు వందల నలభై అంటారు. షుగర్ లేని మనిషి చేతిలో షుగర్ తగ్గించే మాత్రలు పెడతారు. మింగితే ఏమవుతుందో ఏ నర్సునైనా అడగండి. ఒక వాక్యం తప్పుగా రాస్తే ఎవరికి నష్టమని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండుతుంది.

పాప రెండేళ్లు పోగొట్టుకుని వేరే చోట వేరే గైడు దగ్గర చేరింది. పలక మీద హైడ్రోస్ లాంటివి దాటి రాకుండా ఒక పల్చని పొర వేస్తున్నది. వేలిని ఎట్లా కడగాలో, ఎన్నిసార్లు నీళ్లు పోయాలో కూడా పద్ధతి రాస్తున్నది. ఆ తొమ్మిది అంకెలూ తన సిద్ధాంత గ్రంథంలో మొదటి పట్టికలోనే పెట్టింది.

రిటైరయిన వారంలోనే నేను ఆ పత్రికకు ఉత్తరం రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, తప్పులు పాప చేత దిద్దించుకుని, జరిగినదంతా రాశాను. పత్రం రాసినవాళ్లు కోరితేనే దిద్దుబాటు వేస్తామని మర్యాదగా జవాబు వచ్చింది. ప్రొఫెసరుగారికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

చివరకు ఎమ్మిగనూరు వెళ్లి పెద్దమ్మ ముందు కూర్చున్నాను. ఆ వాక్యం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. శిబిరంలో ఉన్నవాణ్ణి, నోరు మూసుకున్నవాణ్ణి, క్షమించమని అడిగాను. ఆమె తడి నూలు పిండుతూ విన్నది. పిండడం ఆపలేదు.

'అన్నా, నాకు సెప్తే ఏమొస్తాది?' అంది. 'నా సేతులు ఎట్లుండాయో నాకు తెలీదా? తెలీనోళ్లకు సెప్పుకోపో.'

అందుకే మీకు చెబుతున్నాను. ఆ పత్రం మీ చేతికి వస్తే, చిన్న అక్షరాల్లో ఉన్న ఆ వాక్యం దగ్గర ఆగండి. ఆ తొమ్మిది మందీ చేతులు కడుక్కునే వచ్చారు. ఒక్కొక్కరి చెయ్యీ నేను పట్టుకుని చూశాను.